ట్రెజరర్ పని ఎవరు నేర్పాలి?

మూడేళ్ల కిందట అమెరికాలో మేముండే ఊరి తెలుగు సంఘానికి నన్ను ట్రెజరర్‌గా ఎన్నుకున్నారు. సంక్రాంతి సంబరాలు అయిపోయి, కుర్చీలు మడిచి గోడకి చేరుస్తుంటే పాత ట్రెజరర్ గారు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో చెక్కుబుక్కు, రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట, బ్యాంకు పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ. "అంతా ఇందులోనే ఉందండీ" అన్నారు. ఆయన ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఆయనకూ ఎవరో డబ్బాయే ఇచ్చారు, పని నేర్పలేదు.

ఇంటికెళ్లి కాగితాలు తిరగేస్తే గుండె జారిపోయింది. రెండేళ్లుగా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి 990-ఎన్ వెళ్లలేదు. ఏడాది రాబడి 50 వేల డాలర్లు దాటని మాలాంటి పన్ను మినహాయింపు సంస్థలు ఆన్‌లైన్‌లో పంపే చిన్న ఫారం అది, నింపడానికి కాసేపు చాలు. వరసగా మూడేళ్లు పంపకపోతే మాత్రం పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. 2006 చట్టంలో పెట్టిన ఈ నియమం కింద 2011లో మొదటి జాబితా వచ్చినప్పుడు దాదాపు 2 లక్షల 75 వేల సంస్థల హోదా పోయింది. మేం ఒక్క ఏడాది తేడాతో బయటపడ్డాం.

ఈ పనులు నేర్పే చోటు ఎక్కడైనా ఉందా అని ఆ టెన్షన్‌లో వెతికితే ఇండియానాపొలిస్ నగరం కనిపించింది. విరాళాల సేకరణని ఒక విద్యగా నేర్పాలని హెన్రీ రోసో అనే ఆయన 1974లో కాలిఫోర్నియాలో ఫండ్ రైజింగ్ స్కూల్ పెట్టారు. 1987లో ఇండియానా యూనివర్సిటీ ఈ నగరంలో దాతృత్వం మీద ఒక కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఆ స్కూలు అక్కడికి తరలింది. లిల్లీ కుటుంబం పెట్టిన దాతృత్వ సంస్థ లిల్లీ ఎండోమెంట్ అండగా నిలిచింది. చిన్న కోర్సులతో పాటు ఎమ్మే, పీహెచ్‌డీ, బీఏ ఒక్కొక్కటిగా వచ్చాయి. 2012కల్లా ఆ కేంద్రం పూర్తి స్థాయి కళాశాల అయింది, దాతృత్వం కోసమే పెట్టిన కళాశాలల్లో ప్రపంచంలో అదే మొదటిది. మరుసటి ఏడాది దానికి లిల్లీ కుటుంబం పేరు పెట్టారు.

రోసో చెప్పినదాంట్లో నా మనసుకు పట్టింది ఒకటుంది: విరాళం అడగడమంటే ఇవ్వడంలోని ఆనందాన్ని ఎదుటివాళ్లకు నేర్పడం. మనలో చందా అడగడం నామోషీ అనుకునేవాళ్లే ఎక్కువ. అడిగేది నలుగురి కోసమే అయినా గొంతు పెగలదు. చివరికి ఏటా అవే ఐదారు ఇళ్ల మీద పడతాం.

"అందరం వాలంటీర్లం, ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నాయి, మళ్లీ చదువులెందుకు? ఆ ఫీజు డబ్బుతో ఇండియాలో మన ఊళ్లో ఒక బడికి బెంచీలొస్తాయి కదా" అని మా కార్యవర్గంలోనే అన్నారు. మనసున్న మాటే అది. కానీ ఆ బెంచీల డబ్బు పంపడానికీ రూల్స్ తెలియాలి. విదేశీ విరాళాల మీద ఇండియాలో ఉన్న చట్టం ఎఫ్‌సీఆర్ఏ 2020లో మారాక విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఇది తెలియక హైదరాబాద్‌లోని పెద్ద ట్రస్టుకి పంపి, వాళ్ల ద్వారా ఊళ్లో ట్రస్టుకి ఇప్పిద్దామని తీర్మానం చేస్తే అది కాగితం మీదే ఉండిపోతుంది.

అందరూ డిగ్రీలు చేయాలని నేననడం లేదు. సౌండ్ సిస్టమ్‌కీ డెకరేషన్‌కీ బడ్జెట్‌లో పద్దు రాసుకుంటాం కదా, కొత్తగా వచ్చే ట్రెజరర్‌కీ సెక్రటరీకీ ఒక చిన్న కోర్సు ఫీజు కూడా అక్కడే రాయండి. మొన్నటి సమావేశంలో మా సంఘం అలా రాసింది. జనవరిలో నా దగ్గర బాధ్యత తీసుకోబోయే అమ్మాయి ఇప్పటికే ఆన్‌లైన్ క్లాసుకి పేరిచ్చింది.