గోడమీద ముద్దాయి

ఆక్రమణలు, ఆక్రమణలు అని ఊరంతా గగ్గోలు పెడుతుంటాం. అసలు ఆక్రమణదారు మన ప్రహరీ గోడమీదే దర్జాగా ఆకులూపుతుంటే మాత్రం ఎవరికీ పట్టదు. స్థలం కొనలేదు, ప్లాను వేయించలేదు, నీళ్ల కనెక్షనుకు దరఖాస్తు పెట్టలేదు. పిట్ట రెట్టలో వచ్చిపడి, డ్రైనేజీ పైపు గోడలోకి దూరేచోట చిటికెడు దుమ్మున్న పగుల్లో కాపురం పెట్టేసింది.

ముద్దాయిని దగ్గరికెళ్లి చూశాను. రావి మొక్క. జానెడు కూడా లేదు. లేతాకులు ఇంకా రాగిరంగులోనే ఉన్నాయి. పట్టుకుని లాగితే కాడ చేతికొచ్చింది, వేరు లోపలే కూర్చుంది. కొన్నాళ్లకు అదే చోట రెండు చిగుళ్లు! (రావి, మర్రి సంగతిలో గోడ యజమాని టెన్షన్ న్యాయమైనదే. వేరు లావెక్కితే ఇటుకల్ని విడదీస్తుంది. వేలెడు ఉన్నప్పుడే వేరుతో సహా తీసెయ్యాలి.)

అయితే ఒక్క రావిమీదే కేసు పెడితే పక్షపాతం అంటారు. అందుకే ఇరుగుపొరుగునీ ఛార్జిషీటులో చేర్చాను. నాచు వాననీళ్లు తాగి దాచుకుంటోంది, పైగా నీటి ఎలుగులనే కంటికానని జీవాలకు అద్దె లేకుండా ఇల్లిస్తోంది. ఆ పక్కన టెరిస్ విట్టాటా అనే ఫెర్న్. ఈ జాతి మట్టిలోని ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగేస్తుందని 2001లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. విషమైతే మాత్రం దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా? పాత రాతిగోడల సందుల్లో పెరిగే సింబలేరియా వీటన్నిటికంటే ముదురు. దాని పువ్వు వెలుతురు వైపు తిరిగి తుమ్మెదల్ని పిలుస్తుంది. పని అయ్యాక కాడ చీకటి వైపు వంగి, కాయను తీసుకెళ్లి పగుల్లో పెడుతుంది. ఇది పక్కా పథకం ప్రకారం జరిగిన నేరం. ఇక ఆకులన్నీ కలిసి నీటిని ఆవిరి చేసి, ఎండ పడకుండా అడ్డం నిలిచి గోడను చల్లబరచడమంటే, ఏసీలు అమ్ముకునేవాళ్ల పొట్ట కొట్టడమే.

వీటికి పాత నేరచరిత్ర కూడా ఉంది. రోమ్‌లోని కొలోసియం శిథిలాలమీద వాటంతటవే మొలిచిన మొక్కల జాతుల్ని రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లెక్కగట్టి 1855లో పుస్తకం వేశాడు. లెక్క ఎంత తేలిందనుకున్నారు? సరిగ్గా 420. బుద్ధి అంకెలోనే తెలిసిపోలేదూ! 1870ల్లో వాటిని పీకి పారేసి కట్టడాన్ని శుభ్రం చేశారు.

నేనూ గోడంతా గీకించి సిమెంటు పూయించాను. బోసిగా కనిపించింది. అందుకని చట్టబద్ధమైన పచ్చదనం కోసం వర్టికల్ గార్డెన్ పెట్టించాను. మొక్కల గోడకు అమెరికాలో 1938లోనే పేటెంటు ఇచ్చారు మరి, దాని గౌరవమే వేరు. ప్లాస్టిక్ సంచులు, డ్రిప్పు గొట్టాలు, మోటారు, టైమరు. మోటారు కాలింది. వారం తిరక్కుండా సంచులన్నీ గడ్డివాముల్లా ఎండాయి, కింది వరసలో ఒక్కటి తప్ప. వంగి చూశాను. రాగిరంగు లేతాకులు.

కాంట్రాక్టరు దాన్ని కూడా బతికిన మొక్కల కింద లెక్కేసి బిల్లు పంపాడు.