సవరణ: మొత్తం ఫాస్ఫరస్ పరీక్షకు నీటిని వడకట్టకూడదు

విజయవాడ బందరు కాలువ నీటి పరీక్షపై పెట్టిన పోస్టులో "శాంపిల్ వడకట్టి, మాలిబ్డేట్ రీఏజెంట్ కలిపి, 880 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తే మొత్తం ఫాస్ఫరస్ తెలుస్తుంది" అని ఉంది. అలా తెలిసేది నీటిలో కరిగి ఉన్న రియాక్టివ్ ఫాస్ఫరస్ (ఆ రీఏజెంట్‌తో నేరుగా నీలం రంగునిచ్చే ఫాస్ఫరస్) మాత్రమే. ఆ వాక్యం బదులు ఇది చదవండి.

మొత్తం ఫాస్ఫరస్ కావాలంటే వడపోత వద్దు. ఒండ్రునూ నాచునూ పట్టుకుని ఉన్న ఫాస్ఫరస్ 0.45 మైక్రాన్ల ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. వరదకు కృష్ణమ్మ ఎర్రగా పారేటప్పుడు ఆ భాగమే ఎక్కువ కావచ్చు. సీసాను బాగా కుదిపి తీసిన నీటికి సల్ఫ్యూరిక్ ఆమ్లం, పర్‌సల్ఫేట్ కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిలో ఆవిరితో వేడిచేసే పాత్రలో) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచాలి. అప్పుడే సేంద్రియ ఫాస్ఫరస్, పాలీఫాస్ఫేట్ కూడా ఆర్థోఫాస్ఫేట్‌గా మారతాయి. రీఏజెంట్ కలిపితే నీలం రంగు వచ్చేది ఆ ఆర్థోఫాస్ఫేట్‌కే. చల్లార్చి, ఆమ్లాన్ని తటస్థం చేశాకే రీఏజెంట్ కలపాలి. బ్లాంకునూ (ఫాస్ఫరస్ లేని నీరు) స్టాండర్డులనూ (ఫాస్ఫరస్ ఎంతుందో తెలిసిన ద్రావణాలు) కూడా ఇలాగే ఆటోక్లేవ్‌లో పెట్టాలి, దయచేసి ఇది మాత్రం వదలకండి.

రిపోర్టులో అంకె ఫాస్ఫేట్‌గా ఇచ్చారా, ఫాస్ఫరస్‌గా ఇచ్చారా అన్నదీ చూసుకోండి. ఫాస్ఫేట్ అంకెను 3.07తో భాగిస్తే ఫాస్ఫరస్ వస్తుంది.

గాజు సామాను డిటర్జెంట్‌తో కాకుండా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలన్న సూచనలో మార్పు లేదు.