‘స్టక్’ గారికి ఒక బెజవాడ వాసి విన్నపం

మహారాజశ్రీ ‘స్టక్’ గారికి నమస్కరించి వ్రాయునది.

ఏసీ బాగుచేసే మనిషి ఉదయం పదకొండింటికల్లా వస్తానని మాట ఇచ్చి, మధ్యాహ్నం మూడు దాటినా రాకపోవడం వల్ల, ఈ మే నెల ఎండలో తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ తమకు లేఖ వ్రాయవలసి వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఒకటే సమాధానం ఇచ్చారు: “దారిలోనే ఉన్నానండి, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో స్ట్రక్ అయిపోయానండి.” చివరిసారి ఆ వాక్యం పూర్తికాకముందే ఫోనులో కుక్కర్ కూత వినిపించింది, ఆ వెంటనే “ఇంకొంచెం మజ్జిగ పోయమంటారా?” అన్న ఇల్లాలి గొంతు కూడా స్పష్టంగా వినిపించింది. బెంజ్ సర్కిల్‌లో రెండు ఫ్లైఓవర్లు కట్టారని తెలుసును గాని, వాటిమీద వంటిల్లు కూడా కట్టిన సంగతి నాకు ఇంతవరకు తెలియదు.

ముందుగా తమ పేరు సంగతి. మా ఊళ్లో చాలామంది తమరిని ‘స్ట్రక్’ అనే పిలుస్తారు. తమరు స్టిక్ అనే క్రియకు పుట్టినవారు. స్ట్రక్ గారు స్ట్రైక్ ఇంటివారు, ఆయన వృత్తి కొట్టడం. పాత ఇంగ్లీషులో తమ వంశమూలానికి గుచ్చడం, పొడవడం అనే అర్థాలుండేవి. గుచ్చుకున్నది అక్కడే ఉండిపోతుంది కనుక, ఆ దారినే తమరు కదలలేని స్థితికి పేరయ్యారు. నిజం చెప్పాలంటే తమరిద్దరికీ కలిపి పని దొరికిన సందర్భం మా ఊళ్లోనే ఒకటుంది. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీని ఢీకొట్టి, గేట్ల దగ్గరే ఇరుక్కుపోగా, వాటిని బయటికి లాగడానికి రోజుల తరబడి నానా తంటాలు పడ్డారు. అప్పుడు రకారం ఉన్నా లేకపోయినా చెల్లింది. కనుక ఆ తప్పును నేను పట్టించుకోవడం లేదు.

నా బాధ వేరు. ఇంగ్లీషు మాట ఏది తెచ్చుకున్నా మేము దానికి ‘చేయు’ అనో ‘అవు’ అనో తగిలించి వాడుకుంటాము. ఆలస్యమైతే లేట్ అయిందంటాము, ఒకరు కావాలని ఆలస్యం చేస్తే లేట్ చేశాడనీ అంటాము. రద్దు దానంతటది జరిగితే క్యాన్సిల్ అయింది, ఒకరు రద్దు చేస్తే క్యాన్సిల్ చేశాడు. తమ విషయంలో మాత్రం ఎప్పుడూ ‘స్టక్ అయింది’ అనే తప్ప, ‘స్టక్ చేశాము’ అన్నవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. ఫైలు స్టక్ అవుతుంది, సర్వర్ స్టక్ అవుతుంది, బిల్లు పైన ఎక్కడో స్టక్ అవుతుంది. ఆపిన చెయ్యి మాత్రం ఏ వాక్యంలోనూ కనిపించదు. సంతకం పెట్టవలసిన పెద్దమనిషి ఎదురుగా కుర్చీలోనే కూర్చుని, తన బల్లమీదున్న కాగితాల కట్ట గురించి, అదేదో దూరదేశంలో జరిగిన ప్రమాదమైనట్టు, “స్టక్ అయిపోయిందండీ” అని సానుభూతి కూడా ప్రకటిస్తారు. (పెళ్లిచూపులకు వచ్చి వెళ్లినవారు “జాతకాల దగ్గర స్టక్ అయింది” అని కబురు పంపడం కూడా మొదలైంది, ఆ పంచాయితీ నాకెందుకు.)

పోనీ, కర్త లేకపోతే పోయె, కదలాలన్న ప్రయత్నమైనా ఉండాలి కదా? బయలుదేరినవాడే ఇరుక్కుంటాడు. గడప దాటనివాడు ఎక్కడా ఇరుక్కోలేదు, ఇంట్లో ఉన్నాడు, అంతే. ఇంత చిన్న నిబంధనను కూడా తమరు అమలు చేయించుకోలేకపోయారు.

ఆ వరదలోనే బుడమేరు నీళ్లు చుట్టుముట్టినప్పుడు, సింగ్ నగర్‌లోనూ పాయకాపురంలోనూ జనం మేడలెక్కి, పసిపిల్లల పాల కోసం, తాగే నీళ్ల కోసం పడవల వైపు చేతులు చాపారు. కదలాలని వాళ్లకు ప్రాణం కొట్టుకుంది, కదలడానికి దారి లేదు. నీకు అర్థమంటూ ఒకటుంటే అది అదీ! అటువంటివాళ్లకు చెందవలసిన మాటను పట్టుకెళ్లి, మజ్జిగన్నం ముగించి కునుకు తీయబోయేవాడి నోటికి ఎలా అందించావయ్యా? అడిగినవాడికల్లా లొంగిపోవడమేనా నీ పని?

కోపంలో ఏకవచనం వచ్చింది. వెనక్కి తీసుకోను.

అయినా తమరిని ఊరు విడిచి పొమ్మనడం లేదు. సాయంత్రం ఆరింటికి బందరు రోడ్డులో ఉన్నవాడికి తమకన్నా తగిన మాట మా దగ్గర లేదు. ఇకమీదట తమరిని పలికేవాడు ఎక్కడ ఇరుక్కున్నాడో, ఎవరు ఆపారో కూడా చెప్పేటట్టు చూడండి. అంతకన్నా ముఖ్యంగా, ఏదో ఒక కార్యాలయంలో, ఎవరో ఒకరిచేత, ఒక్కసారి, “ఫైలు మేమే స్టక్ చేశామండి” అనిపించండి. ఆ మాట చెవిన పడితే, నా ఫైలు మరో ఆరు నెలలు ఆ బల్లమీదే ఉన్నా నేను మళ్లీ వెళ్లి అడగను.

ఇట్లు,
తమ నిత్య వినియోగదారుడు,
మొగల్రాజపురం, విజయవాడ.