సాయంత్రం రద్దు కోరుతూ ఒక విన్నపం

అయ్యా, ఎండాకాలం కరెంటు కోతలకి నేను శాశ్వత పరిష్కారం కనిపెట్టాను. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా ఉన్న నాలుగు గంటల్ని ప్రభుత్వం వెంటనే రద్దు చేయాలి. ఆరూ యాభై తొమ్మిది తర్వాత గడియారం నేరుగా పదకొండు కొట్టాలి. మార్చి నుంచి జూన్ దాకా ఇలా చేస్తే చాలు. తొలకరి పడ్డాక ఎవరి సాయంత్రాలు వాళ్లకి తిరిగి ఇచ్చేయొచ్చు.

నవ్వడం తర్వాత, ముందు లెక్క చూడండి. 2024 మే 30న దేశం మొత్తం మీద కరెంటు వాడకం 2.50 లక్షల మెగావాట్లకి ఎక్కింది. అది మధ్యాహ్నం మాట. గ్రిడ్డు కుప్పకూలలేదు. ఏ ఎండ మనచేత ఏసీలు వేయించిందో ఆ ఎండే రాజస్థాన్ ఇసుకలోనూ, మన ఓర్వకల్లు వైపు బీళ్లలోనూ సోలార్ పలకల మీద పడి బిల్లులో తన వాటా తాను కట్టేసింది. తంటా అంతా సూర్యుడు దిగిపోయాకే. ఎండ పోతుంది గానీ ఉక్క పోదు. పగలంతా వేడి తాగిన డాబా రాత్రంతా దాన్ని కక్కుతూ కూర్చుంటుంది. ఏసీ ఆపలేం, సూర్యుణ్ణి ఆపలేం. ఇక మిగిలింది సాయంత్రాన్ని ఆపడమేగా?

టీవీ చర్చల్లో మాత్రం ముద్దాయి ఎప్పుడూ సూర్యుడే. "నమ్మదగ్గ వనరు కాదండీ" అంటారు, కోటు వేసుకుని, ఏసీ గదిలో. సృష్టి మొదలైన దగ్గర్నుంచీ ఒక్క సీఎల్ పెట్టని ఉద్యోగి మీద ఇంత మాటా! ఆయన సాయంత్రం వెళ్లిపోతాడన్నది నిన్న బయటపడ్డ రహస్యం కాదు. మా అమ్మమ్మకి కూడా తెలుసు.

నిజం చెప్పాలంటే ఎండలకి పలకలు కూడా నీరసపడతాయి. వాటి మీద రాసే వాట్ల లెక్కంతా పలక 25 డిగ్రీల దగ్గర ఉంటే వచ్చేది. మా ఊళ్లో 25 డిగ్రీలంటే డిసెంబరులో పొద్దున ఎనిమిదింటి సంగతి. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీద పలక 60 దాటిపోతుంది. 25 దాటి పెరిగిన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతుంది. అంటే పది నుంచి పద్నాలుగు శాతం దాకా గోవిందా. ఆ పైన దుమ్ము. కడగడానికి నీళ్లు కావాలి. నీళ్లుంటే అది ఎండాకాలం ఎందుకవుతుంది?

గాలి సంగతి సరే. ఆషాఢంలో అనంతపురం కొండల మీద గాలిమరల రెక్కలు ఆగమన్నా ఆగవు. ఏప్రిల్‌లో ఆకు కదిలితే ఒట్టు.

ఇక పెద్దమనిషి, ఆనకట్ట. శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్లు, కుడి గట్టున 770. మీట నొక్కితే నిమిషాల్లో తిరిగే యంత్రాలు. సాయంత్రాల కోసమే పుట్టినట్టుంటాయి. కానీ వాటికి నీళ్లు కావాలన్న చిన్న షరతుంది. 2023 ఆగస్టులో, 1901 నుంచి లెక్కలున్న ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన దేశంలో పడింది. కృష్ణ సన్నబడింది. అదే ఏడు నవంబరు 30న, తెలంగాణలో పోలింగు జరుగుతున్న పూట, సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. 26 గేట్లలో 13 మావి అన్నారు ఆంధ్రా వాళ్లు, మధ్యలో ముళ్లకంచె వేశారు. డ్యాంలో నీళ్లకి కొరత గానీ డ్యాం మీద ఖాకీకి లోటు లేదు. ఈలోగా కింద ఆయకట్టులో బోర్లు లోతుకి దిగాయి. ఎంత లోతు నుంచి తోడితే మోటారు అంత కరెంటు తాగుతుంది. అంటే కరువు ఒక చేత్తో కరెంటు లాగేసుకుని, రెండో చేత్తో ఇంకాస్త పెట్టమని అడుగుతుందన్నమాట.

"అందుకే బొగ్గే నయం" అనేవాళ్లకి ఫరక్కా గుర్తు చేయాలి. 2016 మార్చిలో గంగ ఒడ్డునున్న ఆ 2,100 మెగావాట్ల బొగ్గు కేంద్రంలో యూనిట్లు కాలువలో నీళ్లు చాలక ఆగిపోయాయి. గంగ ఒడ్డున! బొగ్గు మండటానికి నీళ్లెందుకని అడక్కండి. మండాక ఆవిరి కావాలి, ఆ ఆవిరిని చల్లార్చడానికి మళ్లీ నీళ్లు కావాలి. 2022 వేసవిలో ఫ్రాన్సులో నదులు వేడెక్కితే అణు కేంద్రాలు కూడా జోరు తగ్గించాయి. వడదెబ్బ తగలని వనరు ఏదైనా ఉంటే నాకో కార్డు ముక్క రాయండి.

నా సొంత గోడు కూడా కాస్త వినాలి. సబ్సిడీ వస్తుందని డాబా మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టించుకున్నాను. మొన్న ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. పైన మాడు పగిలే ఎండ. పలకలు నిగనిగలాడుతున్నాయి. కింద ఫ్యాను ఆగింది. పలకల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ దగ్గరికి వెళ్తే ఎర్ర లైటు. పెట్టినతనికి ఫోన్ చేశాను.

"లైన్లో కరెంటు లేకపోతే మనదీ ఆగిపోతుంది సార్. లేకపోతే మన కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది కదా. బ్యాటరీ ఉంటే వేరే సంగతి."

"మరి ఈ మాట ముందెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదా సార్."

పక్కింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు గోడ మీంచి తొంగిచూసి, "ఏమయ్యా, సూర్యుడికి కూడా పవర్ కట్టేనా?" అన్నారు. ఆయన చేతిలో తాటాకు విసనకర్ర. దానికి ఇన్వర్టర్ అక్కర్లేదు. కరెంటు ఎందుకు పోయిందయ్యా అంటే, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిందట. గోనెపట్టా తడిపి కప్పారు. నమ్మకం లేనిది సూర్యుడికా, స్తంభం మీదున్న ఆ డబ్బాకా?

సాయంత్రం రద్దు కాకుండానే నెట్టుకురావచ్చని వాదించేవాళ్లూ లేకపోలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కట్టారు. పగటి కరెంటుతో కింది చెరువు నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదులుతారు. అవే నీళ్లు పైకీ కిందికీ. ఆవిరైపోయినంత మేరకు పోసుకుంటే చాలు. వంద యూనిట్లు పెడితే డెబ్భై అయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి. సూర్యుడికి రాత్రి డ్యూటీ వేయడమే ఇది. మా మాస్టారు అయితే ముప్ఫై ఏళ్లుగా మధ్యాహ్నమే మోటారు వేసి డాబా మీద ట్యాంకు నింపి, రాత్రి వాడుకుంటున్నారు. ఆయనకి ఏ టెండరూ పిలవలేదు.

ఇలాంటివి ఊరూరా కట్టాలంటే స్థలం కావాలి, డబ్బు కావాలి, రెండు రాష్ట్రాలు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి. దానికంటే సాయంత్రం రద్దు చేయడమే తేలిక. ఒక్క జీవో చాలు.

అందుకే విన్నపం టైపు చేయించి వీధిలో సంతకాలకి తిప్పాను. మాస్టారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. ఒక అక్షరదోషం దిద్దారు. సంతకం పెట్టారు. దాని కింద చిన్న అక్షరాల్లో "ఐపీఎల్ అయిపోయాక మాత్రమే" అని రాసి, కాగితం నా చేతికిచ్చారు.