బ్రిడ్జ్‌టౌన్ నెల్సన్ విగ్రహం వారి దివ్యసముఖమునకు

కంచు దొరగారూ, నమస్కారాలు.

కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నడిబొడ్డు నుంచి దించేశారన్న దుఃఖంలో ఉంటారని తెలిసీ ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త లెక్క చూసుకుందాం. ఫ్రెంచి నౌకల వెంటపడుతూ 1805 జూన్‌లో అసలు నెల్సన్, ఆ బ్రిటిష్ నౌకాదళ సేనాని, బార్బడోస్‌లో ఆగింది మహా అయితే ఒకటి రెండు రోజులు. ఆయన పేరు చెప్పుకుని మీరు 1813 నుంచి 2020 దాకా, 207 ఏళ్లు తిష్ఠ వేశారు. చుట్టం మూడు రోజులుంటేనే బరువంటారు.

మిమ్మల్ని నిలబెట్టింది తోటల యజమానులు, వర్తకులు. చందాలు వేసుకున్నారు. చెరకు నరికేవారిని ఎవరూ చందా అడగలేదు. యజమానుల ఆస్తుల జాబితాలో ఉన్న మనుషులను అడిగేదేముంది? ఆ అభిమానం ఊరికే పుట్టలేదు. అదే 1805 జూన్‌లో జమైకా తోటల యజమాని సైమన్ టేలర్‌కు నెల్సన్ రాసిన ఉత్తరంలో, బానిస వ్యాపారం ఆపాలంటున్న విల్బర్‌ఫోర్స్‌ను తిట్టిపోశారు. మీరు వెలసిన మూడేళ్లకే బుస్సా నాయకత్వంలో బానిసలు తిరగబడ్డారు. మీలో చలనం లేదు. కంచుకు చలనమేమిటి లెండి, మిమ్మల్ని పోయించిన మనుషుల్లోనూ లేదు.

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం పూర్తయింది 1843లో. అంటే మీరే పెద్దవారు. డబ్లిన్‌లో మీకంటే ముందు వెలసిన నెల్సన్‌ను 1966 మార్చిలో బాంబు పెట్టి పేల్చారు. అదే ఏడాది నవంబరులో బార్బడోస్ స్వతంత్రమైంది. అయితే ఇక్కడివారు నిదానస్తులు; క్రేన్‌ను పిలవడానికి 54 ఏళ్లు తీసుకున్నారు.

మధ్యలో చేసిన ప్రయత్నాలు చూస్తే మీకే జాలి కలగాలి. తీసేయలేక, ఉంచుకోలేక, 1990లో మిమ్మల్ని వెనక్కి తిప్పారు, బ్రాడ్ స్ట్రీట్ దుకాణాలు కనపడకుండా. గిట్టనివారిని చూసి జనం ముఖం తిప్పుకోవడం లోకరీతి. గిట్టనివారి ముఖాన్నే తిప్పడం మాత్రం బ్రిడ్జ్‌టౌన్ కనిపెట్టిందే. 1999లో మీరున్న కూడలికి అప్పటిదాకా ఉన్న ట్రఫాల్గర్ స్క్వేర్ అనే పేరు మార్చి నేషనల్ హీరోస్ స్క్వేర్ అన్నారు. అప్పటికి దేశం గుర్తించిన జాతీయ వీరులు పదిమంది, అందులో బుస్సా ఒకరు. ఆ పదిమందిలో లేని మీరు మాత్రం వారి పేరిట ఉన్న స్థలంలో మరో 21 ఏళ్లు కత్తి పెట్టుకుని నిలబడ్డారు. బోర్డు మార్చడానికి మేకులు చాలు, మిమ్మల్ని కదపడానికి గుండె కావాలి. ఆ రెండోది ప్రభుత్వాల సామాన్ల గదిలో చాలాకాలం దొరకలేదు.

చివరికి 2020 నవంబరు 16న దొరికింది. ఆ రోజు అంతర్జాతీయ సహన దినోత్సవం. సహనం ముగించుకోవడానికి అంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు. మరుసటి ఏడాది నవంబరు 30న బ్రిటన్ రాణిగారిని కూడా దేశాధినేత పదవి నుంచి సాగనంపి, బార్బడోస్ గణతంత్రమైంది.

మిమ్మల్ని బార్బడోస్ మ్యూజియానికి అప్పగించారు. ఆ మ్యూజియం భవనం ఒకప్పటి బ్రిటిష్ సైనిక జైలు. కట్టించింది మీవారే కనుక, గాలీ వెలుతురూ చాలకపోతే ఫిర్యాదు లండన్‌కే పంపుకోగలరు.

ఇట్లు,
తమ విధేయుడు కానివాడు