ఉగ్రవాదిగారి నెల ఖర్చు

ఉగ్రవాదం విషయంలో ప్రపంచ దేశాలు ఒక్క మాట మీద నిలబడవని కొందరు తెగ బాధపడిపోతుంటారు. వాళ్లకు లోకజ్ఞానం తక్కువనే అనుకోవాలి. 2020 డిసెంబరులో భద్రతా మండలిలోని 15 దేశాలు ఒక్క అభ్యంతరమైనా లేకుండా ఏకమయ్యాయి. దేనికంటే, జకీయుర్ రెహమాన్ లఖ్వీ ఇల్లు గడవడానికి.

లఖ్వీ అంటే లష్కరే తోయిబా కమాండరు. 166 మంది ప్రాణాలు తీసిన 2008 ముంబయి దాడికి సూత్రధారి అని మన దేశం మొదటి నుంచీ చెబుతున్న మనిషి. దాడి జరిగిన మరుసటి నెలలోనే సమితి ఆంక్షల జాబితాలోకి ఎక్కాడు. అందులో పేరు పడితే బ్యాంకు ఖాతాలు స్తంభించిపోతాయి, విదేశాలకు వెళ్లకూడదు, ఆయుధాలు కొనకూడదు. మరి మనిషన్నాక అన్నం తినాలి కదా! పాకిస్తాన్ ఆ మాటే విన్నవించుకుంది, మండలిలోని 15 దేశాలూ సభ్యులుగా ఉన్న ఆంక్షల కమిటీ మనసు కరిగింది. నెలకు లక్షా 50 వేల పాకిస్తానీ రూపాయలు వాడుకోమంది. తిండికి 50 వేలు, మందులకు 45 వేలు, కరెంటు, నీళ్లలాంటి బిల్లులకు 20 వేలు, వకీలు ఫీజుకు 20 వేలు, రాకపోకలకు 15 వేలు. కూడి చూసుకోండి, పైసా తేడా రాదు. తిండికి అయ్యేదానికి దాదాపు సమానంగా మందులకూ పోతోందంటే పెద్దాయన ఆరోగ్యం గురించి బెంగగానే ఉంది. కరెంటు బిల్లుకిచ్చినంతే వకీలుకీ ఇస్తున్నారంటే ఆ వకీలు మీద ఇంకా జాలేస్తోంది.

సరిగ్గా మరుసటి నెల, 2021 జనవరి 2న, లఖ్వీని అరెస్టు చేశారు. 8వ తేదీకల్లా శిక్ష కూడా పడింది. అంతకుముందు అయిదేళ్లకు పైగా బెయిలు మీద హాయిగా తిరిగిన మనిషి మీద అంత ఉన్నట్టుండి కోపం ఎందుకొచ్చిందంటారా? ఉగ్రవాదానికి డబ్బు అందకుండా దేశాల మీద కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ సమావేశం ఫిబ్రవరిలో ఉంది. అప్పటికే రెండున్నరేళ్లుగా పాకిస్తాన్ ఆ సంస్థ అనుమానపు జాబితా, అంటే గ్రే లిస్టులో మగ్గుతోంది. శిక్ష పడింది ముంబయి కేసులో కాదు లెండి. ఒక డిస్పెన్సరీ నడుపుతూ దాని పేరు మీద ఉగ్రవాదానికి డబ్బు మళ్లించాడన్న కేసులో. అంటే, మందుల ఖర్చుకని ఐరాస అనుమతి తెచ్చిపెట్టిన ప్రభుత్వమే, మందుల దగ్గర తేడా చేశాడని జైల్లో వేసింది. ఆ 45 వేలు తర్వాత ఏ పద్దు కింద రాశారో గానీ, 2022 అక్టోబరులో పాకిస్తాన్ మాత్రం గ్రే లిస్టు నుంచి బయటపడింది.

ఇలాంటి కరుణ అందరికీ ఒకేలా దక్కదు. మసూద్ అజర్ సంగతే చూడండి. ఆంక్షల కమిటీకి మూలమైన 1267వ తీర్మానం 1999 అక్టోబరు 15న వచ్చింది. ఆ డిసెంబరు 31న, ఖాందహార్‌లో హైజాక్ అయిన మన విమాన ప్రయాణికులను విడిపించుకోవడానికి, మన విదేశాంగ మంత్రి జస్వంత్ సింగే దగ్గరుండి అజర్‌తో సహా ముగ్గురిని విమానంలో తీసుకెళ్లి అప్పగించి వచ్చారు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఎవరైనా అదే చేస్తారని అంటారు, నేనూ కాదనలేను. కానీ సహకారం ఎలా ఉండాలో లోకానికి పాఠం చెప్పేటప్పుడు ఈ పేజీ గబగబా తిప్పేయడం మనకు బాగా అలవాటైంది.

వెళ్లినవాడు 2000లో జైషే మహమ్మద్ పెట్టాడు. 2001లోనే ఐరాస దాన్ని జాబితాలో చేర్చింది. మరి పెట్టినవాడు? అతని మీద ఇంకా కూలంకషంగా పరిశీలించాలట! 2009లో మనం అడిగాం, పని కాలేదు. పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి తర్వాత 2016లో అడిగాం, చైనా ‘టెక్నికల్ హోల్డ్’ అంది. ఈ కొర్రీ వేయడానికి కారణం చెప్పక్కర్లేదు. ఆరు నెలలు ఆపొచ్చు, ఆ పైన మరో మూడు నెలలు పొడిగించొచ్చు. 2017లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అడిగాయి. మళ్లీ కొర్రీ. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు, మార్చిలో ఇంకో కొర్రీ. చివరికి మే 1న చైనా దయతలచింది. సంస్థ ఉగ్రవాద సంస్థే గానీ దాన్ని స్థాపించినాయన ఉగ్రవాదో కాదో తేల్చడానికి పద్దెనిమిదేళ్లు పట్టిందన్నమాట. తొందరపాటు నిర్ణయమని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదుగా!

అసలు ఉగ్రవాది అంటే ఎవరో నిర్వచించుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు అమాయకులు. ఆ ప్రయత్నమూ జరిగింది. 1934లో మార్సెయిల్స్‌లో యుగోస్లావియా రాజును చంపారని ఐరాసకు ముందున్న నానాజాతి సమితి 1937లో ఒక ఒప్పందం తయారుచేసింది. 24 దేశాలు సంతకాలు పెట్టాయి. ఆ తర్వాత ధ్రువీకరించింది ఒకే ఒక్క దేశం, ఇండియా. గర్వపడదామనుకునేలోపే గుర్తొస్తుంది, అది 1941 నాటి ఇండియా. ధ్రువీకరించింది బ్రిటిష్ సర్కారు. వాళ్ల లెక్కలో ఉగ్రవాదులెవరో మన స్వాతంత్ర్య సమరయోధుల జైలు రికార్డులు చూస్తే తెలుస్తుంది. ఆ ఒప్పందం అమల్లోకి రానేలేదు. 1996లో స్వతంత్ర భారతం సమగ్ర ఒప్పందం ముసాయిదా పెట్టింది. విముక్తి పోరాటాన్ని ఏమనాలి, సైన్యాలు చేసేదాన్ని ఏమనాలి అన్న రెండు ముళ్ల దగ్గర అది ఇప్పటికీ చిక్కుకునే ఉంది. ప్రశ్నలు నిజంగా కష్టమైనవే. జవాబు దొరక్కపోవడం మాత్రం చాలామందికి మహా సుఖంగా ఉంది.

ఈలోగా జాబితా మీద రాకపోకలు బాగానే సాగుతున్నాయి. ఒకప్పుడు సిరియాలో అల్‌ఖైదా శాఖను నడిపి, తర్వాత ఆ దేశాధినేత అయిన అహ్మద్ అల్ షరా తల మీద అమెరికా ప్రకటించిన కోటి డాలర్ల రివార్డును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 నవంబరులో భద్రతా మండలి ఆయన పేరు తీసేసింది, నాలుగు రోజులకే ఆయన వైట్‌హౌస్‌లో అతిథి. మనిషి మారకూడదా ఏమిటి? మారొచ్చు. ముందు ఒక దేశాన్ని చేజిక్కించుకోవాలి, అంతే.

మన హైదరాబాదు ఊసు కూడా ఉంది ఇందులో. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి బాంబులు పేలి 18 మంది పోయారు. అయిదుగురికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖరారు చేసింది. ప్రధాన నిందితుడు, ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు రియాజ్ భత్కల్ మాత్రం దొరకలేదు, పాకిస్తాన్‌లో ఉన్నాడని మన దర్యాప్తు సంస్థల మాట. ఇంటర్‌పోల్ ఉందిగా అంటారా? 2022 అక్టోబరులో ఆ సంస్థ మహాసభ ఢిల్లీలోనే జరిగింది. పాకిస్తాన్ ప్రతినిధిని విలేకరులు దావూద్ ఇబ్రహీం, హఫీజ్ సయీద్‌లను అప్పగిస్తారా అని అడిగితే, ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని ఊరుకున్నారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలే మాయం!

2025లో అదే పాకిస్తాన్ తాలిబన్ ఆంక్షల కమిటీకి అధ్యక్ష స్థానంలో, ఉగ్రవాద నిరోధక కమిటీకి ఉపాధ్యక్ష స్థానంలో కూర్చుంది. అనుభవం ఉన్నవాళ్లకే పదవి ఇవ్వాలన్న సూత్రానికి ఇంతకంటే కట్టుబడటం కష్టం.

ఆ ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. వాళ్లలో విశాఖ మనిషీ ఉన్నాడు, కావలి మనిషీ ఉన్నాడు. మూడు రోజులకు భద్రతా మండలి తీవ్రంగా ఖండించింది. ప్రకటనలో లష్కరే తోయిబా ముసుగు సంస్థ అని మన దేశం చెప్పే టీఆర్‌ఎఫ్ పేరు లేకుండా చేసింది తామేనని పాకిస్తాన్ విదేశాంగ మంత్రి తర్వాత పార్లమెంటులో చెప్పుకున్నారు. పుల్వామా నాటి ప్రకటనలో జైషే పేరుంది, భారత ప్రభుత్వంతో సహకరించాలన్న మాటా ఉంది. ఈసారి దేశాలన్నీ ‘సంబంధిత అధికారులందరితో’ చురుగ్గా సహకరించాలని కోరారు. ఆ అధికారులు ఏ దేశం వాళ్లో రాయలేదు.