రోగిని ప్రభువు బల్లకు దూరం చేసే సందేశం

శుక్రవారం నుంచి ఒకే సందేశాన్ని నలుగురు పంపారు. ప్రభురాత్రి భోజనం గురించి ఐదు నిజాలని దాని పేరు. సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఈ సంస్కారాన్నే మనం బల్ల అంటాం. నాలుగోసారి పంపింది మా సంఘ పెద్ద. ఇక ఊరుకోలేను.

పులిసిన రొట్టె వాడితే సంస్కారం చెల్లదన్నారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు వాడేది పులిసిన రొట్టెనే. ఇక దాని గురించి వాదన అనవసరం.

యేసు తాగింది పులియని రసమేనన్నారు. ద్రాక్ష కోతకూ, యేసు ఆ భోజనం చేసిన యూదుల వసంతకాలపు పండుగ పస్కాకూ నడుమ ఎన్నో నెలలు. అన్నాళ్లు రసం పులియకుండా ఉండదు. రసాన్ని వేడిచేసి పులియకుండా సీసాల్లో ఉంచడం అమెరికాలో థామస్ వెల్చ్ 1869లో మొదలుపెట్టారు. మనం రసం వాడటం తప్పు కాదు, దాన్ని యేసు చివరి భోజనం చేసిన మేడగదికి అంటగట్టడమే తప్పు.

కేథలిక్కులు ప్రతి పూజలోనూ క్రీస్తును మళ్లీ చంపుతారన్నది నింద. 1562లో వాళ్ల ట్రెంట్ మహాసభ చెప్పింది వేరు: సిలువపై తనను అర్పించుకున్న క్రీస్తే పూజలో రక్తం చిందకుండా అర్పణ అవుతాడని. నేను ప్రొటెస్టంటు సంఘమైన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సభ్యుణ్ణి. బైబిల్లో హెబ్రీ పత్రిక పదో అధ్యాయం క్రీస్తు అర్పణ 'ఒక్కసారే' అంటుంది కనుక ఆ బోధతో నాకు పేచీ ఉంది. వాళ్లు అనని మాటతో మాత్రం పేచీ పడను.

ఐదోది, బల్ల ఉత్త జ్ఞాపకం కాదని. ఇది నిజం, ఒప్పుకుంటున్నాను. మనమే దాన్ని పలచన చేసుకున్నాం. రొట్టె విరవడం క్రీస్తు శరీరంలో పాలుపొందడమని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాశాడు. బలిపీఠంపై అర్పించినది తిన్నవారు ఆ పీఠంతో పాలివారని ఇశ్రాయేలును చూపించాడు. రొట్టె ఒక్కటే కనుక అనేకులం ఒకే శరీరమన్నాడు.

అలాంటప్పుడు నాలుగో మాట ఎలా రాశారు? 'మీకు జబ్బు వచ్చిందంటే అయోగ్యంగా బల్ల తీసుకున్నారన్నమాట' అని! కొరింథీ మొదటి పత్రిక 11వ అధ్యాయంలో, అందువల్లే మీలో అనేకులు రోగులయ్యారనే ముప్పయ్యో వచనం పట్టుకున్నారు, ఇరవై ఒకటి వదిలేశారు. అక్కడ ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారని పౌలు మండిపడ్డాడు. ఒకరి కోసం ఒకరు ఆగండని ముగించాడు. ఫలానా రోగి పాపి అని వేలు చూపలేదు. పుట్టుగుడ్డివాడి గురించి, పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదని యేసు అన్నాడని ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు.

మా సంఘంలో డయాలసిస్ చేయించుకునే ఒక అమ్మ ఉన్నారు. ఈ సందేశం చదివాక, మొన్న అందరూ లేచి పీఠం దగ్గర మోకరిస్తే ఆమె బెంచీ మీదే ఉండిపోయారు. బలహీనురాలిని బల్ల నుంచి వెళ్లగొట్టడం కొరింథీయులు చేసిన పాపమే. పెద్దాయనా, పంపింది మీరు. వచ్చే ఆదివారం ఆమె దగ్గరికి వెళ్లి పిలవాల్సిందీ మీరే.